రానివాళ్ళ లెక్క

మా ఊరి పాస్టరు అయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా రెండు ప్రశ్నలు అడిగేవారు. "బాబూ, ఒంట్లో బాగుందా?" అన్నది మొదటిది. "అక్కడ సంఘం ఎలా ఉంది, ఎంతమంది వస్తున్నారు?" అన్నది రెండోది. మొదటిదానికి వెంటనే బదులు చెప్పేవాణ్ణి. రెండోదాని దగ్గర మాట ఆగిపోయేది. అబద్ధం చెప్పలేను. నిజం చెబితే ఆయన చిన్నబుచ్చుకుంటారేమోనని బెంగ. రియాద్‌లోని మలాజ్‌కి నేను వెళ్ళిన ఏడాది మేం పదకొండు మందిమి. ఆరేళ్ళ తర్వాత పెట్టె సర్దుకుని వచ్చేసిన రోజుకీ పదకొండు మందిమే.

ఆ ప్రశ్నకు నాకంటూ ఒక జవాబు దొరకడానికి ఆ ఆరేళ్ళూ పట్టింది. కోనసీమ నుంచి వచ్చి ఏసీలు బాగుచేసే ఒక పెద్దాయన ప్రతి శుక్రవారం చేసే ఒక చిన్న పని చూసి నేర్చుకున్న జవాబు అది. ఆయన్ని మేమంతా పెద్దన్న అనేవాళ్ళం.

మలాజ్ అసలు పుట్టిందే పొరుగూళ్ళ నుంచి వచ్చినవాళ్ళ కోసం. 1950లలో సౌదీ ప్రభుత్వ కార్యాలయాలు మక్కా, జెద్దాల వైపు నుంచి రియాద్‌కి తరలివచ్చినప్పుడు, ఆ ఉద్యోగుల కోసం పాత ఊరి బయట తిన్నని వీధులు గీసి ఇళ్ళు కట్టారు. రియాద్ విశ్వవిద్యాలయం మొదట నడిచింది కూడా ఆ పేటలోనే. తర్వాత నగరం ఉత్తరానికి పెరిగిపోయింది, ఉన్నవాళ్ళు కొత్త పేటలకు వెళ్ళిపోయారు, పాత ఇళ్ళలోకి మాలాంటివాళ్ళం వచ్చాం. ఒక మేడలో మలయాళీలు, ఎదురు మేడలో సూడాన్ వాళ్ళు, కింద బకాలా కొట్టులో యెమెన్ కుర్రాడు, మూడో అంతస్తులో గదికి నలుగురు చొప్పున మన తెలుగువాళ్ళు. శుక్రవారం సాయంత్రం అయితే పిల్లలున్నవాళ్ళు జంతుప్రదర్శనశాలకో, కింగ్ అబ్దుల్లా పార్కుకో వెళ్ళేవారు. లేనివాళ్ళు బత్హా బజారుకి వెళ్ళి కరివేపాకు కొనుక్కుని, ఊరివాళ్ళెవరైనా కనిపిస్తారేమోనని కాసేపు నిలబడి వచ్చేవారు.

ఆ దేశంలో చర్చి లేదు. ముస్లిమేతరులు బహిరంగంగా ఆరాధన చేయకూడదు, మతప్రచారం చేయకూడదు. తమ ఇళ్ళలో తమ మటుకు తాము ప్రార్థన చేసుకోవచ్చని మాత్రం అక్కడి ప్రభుత్వం అంటూ వచ్చింది. దాన్ని గురించి ఫిర్యాదు చేయడానికి నేనీ మాట రాయడం లేదు. మనకు అన్నం పెడుతున్న ఇంటి కట్టుబాటు అది. తెలిసే వెళ్ళాం, తెలిసే సంతకం పెట్టాం. నేను చెప్పదలచింది వేరే. గోపురం, గంట, మైకు, కరపత్రం, వీధి కూడిక, నాటకం, ఉజ్జీవ సభ, ఇవన్నీ తీసేస్తే సువార్త అనే మాటలో ఇంకేం మిగులుతుంది? మా ఊళ్ళో ఉన్నంతకాలం ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. రావాల్సిన అవసరమే కలగలేదు. మలాజ్‌లో మొదటి శుక్రవారమే వచ్చింది.

ఆ గది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మంచాలు గోడకు నిలబెట్టి, నేలమీద దుప్పటి పరిచారు. కిటికీకి మందపాటి తెర. పాట పాడాలి, కానీ పక్క గదికి వినపడకూడదు. అందుకని పెదవుల దగ్గరే పాడేవాళ్ళం. పదకొండు మంది గుసగుసగా పాడుతుంటే అది వానకు ముందు కొబ్బరాకుల చప్పుడులా ఉండేది. మధ్యలో ఒక స్టీలు గ్లాసు, అందులో నిలబెట్టిన ఫోను. ఆ ఫోను ఎందుకో మొదట నాకర్థం కాలేదు. ఊరి నుంచి ఎవరైనా వాక్యం చెబుతారేమో అనుకున్నాను. అందులోంచి కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు వచ్చింది. గిన్నెలు కదిలిన చప్పుడు వచ్చింది. ప్రార్థన ముగించి మేం ఆమేన్ అన్నాక, గరిటె గిన్నె అంచుకి రెండుసార్లు తగిలిన చప్పుడు వచ్చింది.

"అది చెల్లెమ్మ ఆమేన్" అన్నారు పెద్దన్న.

నర్సాపురం దగ్గర ఒక పల్లె నుంచి వచ్చి, ఊరికి ఆ చివరెక్కడో ఒక ఇంట్లో పనిచేస్తున్న అమ్మాయి ఆవిడ. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళే. కానీ సెలవు దినం వాళ్ళకు చుట్టాలొచ్చే రోజు, ఆవిడకు పని ఎక్కువ రోజు. రావడం కుదరదు. ఫోను కొంగులో దోపుకుని, గిన్నెలు తోముకుంటూ మా గుసగుసలు వింటుంది. మాట్లాడడానికి వీలుండదు. గ్లాసులో పెడితే ఆవిడ వైపు చప్పుళ్ళు గదిలో అందరికీ వినిపిస్తాయి. ఆవిడ ముఖం నేను ఎన్నడూ చూడలేదు. కానీ ఆరేళ్ళపాటు ఆ రెండు గరిటె దెబ్బలు వినపడందే మా కూడిక ముగిసేది కాదు.

ఆ రోజు అందరూ లేచాక పెద్దన్న జేబులోంచి చిన్న డైరీ తీశారు. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నారనుకున్నాను. మా ఊళ్ళో అదే అలవాటు. హాజరు రాస్తాం, కానుక రాస్తాం, ఏడాది చివర వార్షిక నివేదికలో చదువుతాం. దగ్గరికి వెళ్ళి చూస్తే అందులో ఉన్నవి రానివాళ్ళ పేర్లు. ఆ వారం మూడు పేర్లున్నాయి. వచ్చినవాళ్ళను ఆయన ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

మర్నాడు సాయంత్రం పని అయ్యాక ఆ ముగ్గురికీ ఫోన్ చేసేవారు. "నిన్నెందుకు రాలేదు?" అన్న మాట ఆయన నోట నేను వినలేదు. "తిన్నావా తమ్ముడూ?" అని మొదలుపెట్టేవారు. ఒకసారి అడిగాను, నేరుగా విషయానికి రావచ్చు కదా అని. "ఎందుకు రాలేదంటే వాడు దొంగలా అయిపోతాడురా. తిన్నావా అంటే, ఎందుకు రాలేదో వాడే చెబుతాడు" అన్నారు. నిజంగానే చెప్పేవాళ్ళు. ఒకడికి జ్వరం. ఒకడికి ఊళ్ళో పొలం తగాదా. ఒకడు రాత్రి డ్యూటీ చేసి నిద్రపోయి, లేచి చూస్తే ప్రార్థన వేళ దాటిపోయిందని ఏడ్చాడు.

*

మన సంఘాల్లో ఒక మాట ఎంత వాడుకలో ఉందంటే దాన్ని గురించి ఆలోచించడం మానేశాం. ఆత్మల సంపాదన. మంచి ఉద్దేశంతో పుట్టిన మాటే. కానీ మలాజ్‌లో ఉన్నవాళ్ళందరమూ వచ్చిందే సంపాదనకు. సంపాదన అంటే ఏమిటో మాకు బాగా తెలుసు. నెలాఖరుకి లెక్కపెట్టుకునేది, ఊరికి పంపేది, ఇల్లు కట్టుకునేది, నలుగురికీ చూపించుకునేది. మనిషిని ఆ లెక్కలో వేయడం నాకు అక్కడే మొదటిసారి ఇబ్బందిగా అనిపించింది. సంపాదించినది మన సొంతం అవుతుంది. మన ఎదుట కూర్చున్న మనిషి మన సొంతం ఎలా అవుతాడు?

నిజామాబాద్ వైపు కుర్రాడొకడు వచ్చి మా గదిలో మూడు నెలలున్నాడు. వాడి కంపెనీ జీతాలు ఆపేసింది, ఇకామా అనే నివాస అనుమతి గడువు దాటిపోయింది, బయట తిరగాలంటే భయం. వాడు మా విశ్వాసి కాదు. పటంలోని దేవుడికి పొద్దున్నే దండం పెట్టుకుని తర్వాతే టీ తాగేవాడు. మాతోపాటే అన్నం, మాతోపాటే ఖుబ్బూస్. ఒక శుక్రవారం మాలో ఒక తమ్ముడు ఉత్సాహపడి, వీడికి వాక్యం చెబుదాం, మనసు మెత్తబడి ఉంది, ఇదే సమయం అన్నాడు. పెద్దన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇలా అన్నారు: "ఇప్పుడొద్దు తమ్ముడూ. ఇప్పుడు మన అన్నం తింటున్నాడు. మనమేమన్నా సరేనంటాడు. వాడికి పని దొరికి, మనల్ని కాదనగలిగే రోజు రానీ. ఆ రోజు వాడే అడిగితే చెబుదాం."

ఆ మాట విన్నప్పుడు నాకు ఒంగోలు గుర్తొచ్చింది. తెలుగు క్రైస్తవుల్లో ఆ కథ వినని ఇల్లుండదు. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిని ఊడ్చిపెట్టిన కరువు అది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని తానే కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి కూలి ఇప్పించాడు. గంజి పోసి బతికించడం కన్నా పని ఇచ్చి బతికించడం మేలనుకున్నాడు. పగలు తవ్వినవాళ్ళు సాయంత్రం బోధకుల చుట్టూ చేరేవారు. బాప్తిస్మం ఇవ్వమని గుంపులు గుంపులుగా అడిగేవారు. ఆయన ఇవ్వలేదు. కరువు నడుస్తున్నంతకాలం, ఏడాదికి పైగా, ఒక్కరికీ ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారన్న మాట వాళ్ళమీద పడకూడదనుకున్నాడు. కరువు తీరాక కూడా వాళ్ళు మళ్ళీ వచ్చారు. మాకిప్పుడు సాయమేమీ అక్కర్లేదని, కష్టపడి బతుకుతున్నామని అరచేతుల్లో కాయలు చూపించారట. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది చివరికి ఆ లెక్క తొమ్మిది వేలు దాటింది.

మన సభల్లో చెప్పేటప్పుడు 2,222 దగ్గర గొంతు పెరుగుతుంది, చప్పట్లు మోగుతాయి. నాకు మాత్రం ఇప్పుడు ఆ సంఖ్య వెనక ఉన్న ఏడాదికి పైబడిన మౌనమే పెద్దదిగా కనిపిస్తుంది. ఆకలితో ఉన్న మనిషి నోట వచ్చే "అవును" అనే మాటను తీసుకోకుండా పక్కన పెట్టగలగడానికి ఎంత నిగ్రహం కావాలి! చేతికి అందివచ్చిన పంటను కోయకుండా గట్టుమీద నిలబడడం రైతుకెంత కష్టమో తెలిసినవాళ్ళకే అది తెలుస్తుంది. ఇంకొక సంగతి కూడా మనం త్వరగా దాటేస్తాం. ఆ రోజు గుండ్లకమ్మ నీళ్ళలో నిలబడి, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ బాప్తిస్మమిచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు. దొర నీళ్ళలోకి దిగలేదు.

మా గదిలో ఉన్న కుర్రాడికి నాలుగో నెలలో పని దొరికింది. వెళ్ళిపోయాడు. క్రైస్తవుడు కాలేదు. వాడికి అడగాలనిపించలేదు, మేం చెప్పలేదు. తర్వాతి ఏడాది ఊరెళ్తూ మా గదికి ఖర్జూరాల డబ్బా పట్టుకొచ్చాడు, పెద్దన్న కాళ్ళకు దండం పెట్టాడు. ఇప్పటికీ క్రిస్మస్ రోజు పొద్దున్నే నాకు ఫోన్ చేసేవాళ్ళలో మొదటివాడు వాడే. దీన్ని అయ్యగారి లెక్కలో ఏ గడిలో వేయాలి? ఏ గడిలోనూ పట్టదు. అయినా ఆ మూడు నెలలూ మేం చేసింది సువార్త కాదని నాకెన్నడూ అనిపించలేదు.

*

ఒంగోలు కథలోనే నాకు చాలా దగ్గరగా అనిపించే మనిషి ఇంకొకరున్నారు. యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే ఆయన సత్యం వెతుక్కుంటూ రాజయోగం నేర్పే గురువుల దగ్గర కూర్చున్నవాడు. తోళ్ళ బేరానికి ఉత్తరాన ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడ యేసును గురించి విన్నాడు. బేరం చూసుకుని ఇంటికి తిరిగొచ్చి తన వాళ్ళకు చెప్పాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. అప్పటినుంచి ఊరూరా తిరిగి, చెప్పులు కుట్టే తన బంధువుల పక్కన కూర్చుని, వాళ్ళ చేతిలో పని ఆగకుండానే చెప్పుకుంటూ పోయాడు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఆ మాదిగ గురువుల కథలను సేకరించి 1899లో పుస్తకంగా వేసినప్పుడు, దానికి పెట్టిన పేరే చెప్పులు కుట్టే పనిని తలుచుకునేది.

ఆయన బతుకుతెరువు కోసం పొరుగూరికి వెళ్ళినవాడు. అక్కడ విన్నదాన్ని సరుకుతోపాటు మోసుకొచ్చినవాడు. మేడలు లేవు, పలుకుబడి లేదు. ఉన్నదల్లా చుట్టరికం, చేతిపని, నమ్మకమైన నాలుక. వియ్యపురాలి ఊరు, మేనత్త ఊరు, తోడల్లుడి ఊరు, ఆ దారుల వెంటే ఆ మాట ఒంగోలు పల్లెలన్నిటికీ పాకింది. సువార్త అంటే దొరలు తెచ్చిందని ఎవరైనా అంటే నాకు పేరయ్య గుర్తొస్తాడు. మలాజ్ గదిలో కూర్చున్న మేం పదకొండు మందిమీ ఆయన వారసులమే అనుకుంటాను. బేరానికి వెళ్ళినవాళ్ళం, తిరిగి రావాల్సినవాళ్ళం.

బైబిల్లో నాకు ఇష్టమైన మనుషుల్లో పేరైనా లేని ఒక పిల్ల ఉంది. రెండో రాజుల గ్రంథంలో వస్తుంది. సిరియా సైనికులు ఇశ్రాయేలు నుంచి పట్టుకుపోయిన పిల్ల. సేనాపతి నయమాను ఇంట్లో ఆయన భార్యకు పనిమనిషిగా ఉంది. ఆ సేనాపతికి కుష్ఠు. ఆ పిల్ల తన యజమానురాలితో ఒకే ఒక్క మాట అంటుంది, మా దేశంలో ఉన్న ప్రవక్త దగ్గరికి అయ్యగారు వెళ్తే బాగుండును అని. అంతే. ఆ తర్వాత కథంతా రాజులు, రథాలు, బంగారం, యొర్దాను నదిలో ఏడు మునకలు. ఆ పిల్ల మళ్ళీ కనిపించదు.

చాలాసార్లు విన్న ఆ కథ, స్టీలు గ్లాసులోంచి గిన్నెల చప్పుడు విన్నాక నాకు వేరేగా అర్థమైంది. ఆ పిల్ల మాటకు ఆ ఇంట్లో విలువ ఎక్కణ్ణుంచి వచ్చింది? పట్టుకొచ్చిన పిల్ల మాట విని ఒక సేనాపతి ప్రయాణం కట్టాడంటే, అంతకుముందు ఆ ఇంట్లో ఆ పిల్ల ఎన్ని రోజులు ఎంత నమ్మకంగా బతికి ఉండాలి! తనను ఇంటికి దూరం చేసినవాళ్ళ మేలు కోరింది. ఆ కోరిక నిజమైనదని వాళ్ళకూ తెలిసింది. మా చెల్లెమ్మ ఆ ఇంట్లో మతం గురించి ఒక్క మాట మాట్లాడలేదు, మాట్లాడకూడదు కూడా. ఆ ఇంట్లో ముసలమ్మ మంచానపడితే ఎనిమిది నెలలు ఎత్తి దించి చేసింది. ఆవిడ పోయిన రోజు ఆ కూతుళ్ళు చెల్లెమ్మను పట్టుకుని ఏడ్చారట. ఆ సంగతి ఆవిడ ఫోనులో చెబుతుంటే మా గదిలో ఒక్కరూ మాట్లాడలేదు.

స్నేహం అన్నది ఎంత పెద్ద మాటో అక్కడే తెలిసింది. కడప నుంచి వచ్చిన ఒక సాయిబు మా పక్క గదిలో ఉండేవాడు. మా శుక్రవారం ప్రార్థన సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. మేం దుప్పటి పరిచే వేళకు ఆయన జుమ్మా నమాజుకి స్నానం చేసి తెల్లబట్టలు కట్టుకునేవాడు. వెళ్తూ తలుపు మీద చిన్నగా తట్టి, "నా కోసమూ దువా చేయండి అన్నా" అని వెళ్ళేవాడు. రంజాను నెలలో పగలు మేం ఆయన ఎదుట మంచినీళ్ళు కూడా తాగేవాళ్ళం కాదు. ఇఫ్తారుకి పెద్దన్నే గంజి కాచేవారు. ఆయన విశ్వాసం ఆయనది, మాది మాది. ఒకరినొకరు మార్చాలన్న ఆరాటం మా మధ్య లేదు. ఒకరి ముందు ఒకరం మంచిగా బతకాలన్న సిగ్గు మాత్రం ఉండేది. ఆ సిగ్గు మమ్మల్ని ఎన్నో తప్పుల నుంచి కాపాడింది.

దోర్నకల్ బిషప్పు అజరయ్యగారి పేరు మనకందరికీ తెలుసు. తమిళనాడులో పుట్టి, తెలుగు నేర్చుకుని, 1912లో మన దేశంలో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయ్యారు. అంతకు రెండేళ్ళ ముందు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన లేచి, మీరు మాకోసం ఎన్నో త్యాగాలు చేశారు, మాకు స్నేహితులు కూడా కావాలి అని అర్థం వచ్చేలా అడిగారు. తెల్లవాళ్ళు నిండిన సభలో ఒక యువకుడు అలా అడగడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు. మంచి చెప్పడానికి వచ్చినవాడు పక్కన కూర్చుని భోంచేయకపోతే, అతను చెప్పే మంచి సగమే చేరుతుందని ఆయన అనుభవించి చెప్పారు. తర్వాత దోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద గుడి చూసినవాళ్ళకు తెలుస్తుంది, దాని గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు కోవెలను తలపిస్తాయి. పాతికేళ్ళు పట్టింది దాన్ని కట్టడానికి. పొరుగువాడి ఇల్లు చూసి మన ఇల్లు కట్టుకోవడం కూడా ఒక స్నేహమే.

మలాజ్‌లో నేను తిన్న భోజనాలు గుర్తొస్తే ఒక నిజం ఒప్పుకోవాలి. మా గదిలో మాలలు, మాదిగలు, కాపులు, ఒక రెడ్డి, పెద్ద పళ్ళెంలో కబ్సా పెట్టుకుని చుట్టూ కూర్చుని ఒకే పళ్ళెంలో తినేవాళ్ళం. మా ప్రాంతంలో ఒకే యేసును కొలిచే రెండు పేటలకు రెండు మందిరాలున్నాయి. ఒక పేట పెళ్ళికి ఇంకో పేట భోజనానికి వెళ్ళదు. ఎడారిలో ఒక గదిలో సాధ్యమైనది, గోదావరి నీళ్ళు తాగే ఊళ్ళో ఎందుకు సాధ్యం కాదు? సంఘం ఎదగడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ పళ్ళెం ఎంత పెద్దదైందో చూడమంటాను.

*

నా అయిదో ఏడు, మా మేడలో ఉండే శ్రీకాకుళం మనిషి ఒకాయన నిద్రలోనే పోయాడు. నలభై కూడా నిండలేదు. ఆయన మాలో ఒకడు కాదు, ఎదురుపడితే తలూపడమే పరిచయం. గల్ఫ్‌లో చావు ఎంత పనో అక్కడున్నవాళ్ళకే తెలుసు. పోలీసు కాగితం, ఆసుపత్రి కాగితం, ఊళ్ళో భార్య సంతకం పెట్టి పంపాల్సిన కాగితం, ఎంబసీ కాగితం, కఫీల్ అంటే పనికి పెట్టుకున్న యజమాని, ఆయన సంతకం, ఆ తర్వాత విమానం. ఒక్కటి తక్కువైనా శవం మార్చురీలోనే ఉండిపోతుంది. పెద్దన్న ఓవర్‌టైం వదులుకుని ఇరవై రెండు రోజులు తిరిగారు. కడప సాయిబు అరబ్బీ బాగా వచ్చినవాడు కనుక ఆయన వెంట తిరిగాడు. పెట్టె కదిలిన రాత్రి ఇద్దరూ విమానాశ్రయం నుంచి వచ్చి మెట్లమీద కూర్చుండిపోయారు. ఇద్దరి చేతులూ ఒళ్ళో ఉన్నాయి. పెద్దన్న అరచేతి నిండా కాయలు, గోళ్ళ సందుల్లో గ్యాసు పైపుల నలుపు. ఆ చేతులు చూస్తుంటే కాలువ తవ్విన ఒంగోలు జనం చూపించిన చేతులు గుర్తొచ్చాయి.

కొన్ని నెలలకు పోయినాయన తమ్ముడు పెద్దన్నకు ఫోన్ చేశాడు. మీరు మాకేమవుతారని ఇదంతా చేశారని అడిగాడట. అడిగాక, అప్పుడు పెద్దన్న చెప్పారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదట. ఏం చెప్పారని నేను అడగలేదు. ఆ ఇరవై రెండు రోజుల తర్వాత చెప్పడానికి పెద్దగా ఏమీ మిగిలి ఉండదు.

మలాజ్ సంఘంలో ఎవరూ స్థిరం కాదు. కాంట్రాక్టు అయిపోతుంది, ఎగ్జిట్ వేస్తారు, వెళ్ళిపోతారు. ఇంకొకడు వస్తాడు. అందుకే ఎప్పుడు చూసినా పదకొండు, పన్నెండు. దుప్పటి ఒకటే, కూర్చునేవాళ్ళు మారుతుంటారు. ఆ ఆరేళ్ళలో ఆ దుప్పటి మీద కూర్చుని వెళ్ళినవాళ్ళు ఎంతమందో నేను లెక్కపెట్టలేదు. రాజోలులో ఒకడున్నాడు, నెలకోసారి తన ఊరి ముసలివాళ్ళను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. కరీంనగర్‌లో ఒకడున్నాడు, గల్ఫ్ వెళ్ళబోయే కుర్రాళ్ళ వీసా కాగితాలు చదివి, ఏజెంటు మోసం ఉంటే పట్టుకుని చెబుతాడు. వాళ్ళు ఆ గదిలో నేర్చుకున్నదాన్ని మూట కట్టుకుని వెళ్ళి, తమ తమ ఊళ్ళలో విప్పుకున్నారు. పేరయ్య చేసిందీ అదే కదా.

నేను తిరిగొచ్చేసరికి మా ఊరి మందిరం చాలా మారింది. గల్ఫ్ డబ్బుతో పైకప్పు వేశారు, రెండు వందల కుర్చీలు కొన్నారు, పెద్ద సౌండు పెట్టారు. అవి మంచివే. ఎవరి చెమటో ఆ ఇటుకల్లో ఉంది, నేను తక్కువ చేయను. గొంతెత్తి పాడుకోగలగడం ఎంత భాగ్యమో నాకు తెలుసు. మొదటి ఆదివారం అందరితో కలిసి గట్టిగా పాడబోతే గొంతు పూడుకుపోయింది. ఆ మధ్యాహ్నం అయ్యగారు నా భుజం మీద చేయి వేసి, పాత ప్రశ్నే అడిగారు. "అక్కడ ఎంతమంది ఉండేవారు బాబూ?"

పదకొండు అని చెప్పాను. డైరీ సంగతి కూడా చెప్పాను. రానివాళ్ళ పేర్లే అందులో ఉండేవని, మర్నాడు ఆ పేర్లకు ఫోన్ వెళ్ళేదని, గరిటె చప్పుడు వినపడకపోతే మేం ముగించేవాళ్ళం కాదని. అయ్యగారు ఏమీ అనలేదు. నలభై ఏళ్ళు సేవ చేసినవారు. నేను చెప్పింది ఆయనకు తెలియదనుకోవడం తప్పు. మనకు తెలిసినవే కొన్నిసార్లు కుర్చీల మధ్య కనిపించకుండా పోతాయి.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. ఎడమ వైపు కిటికీ పక్కన ఎప్పుడూ చాప వేసుకుని కూర్చునే ఒక పెద్దావిడ లేదు. అంతకుముందు వారమూ లేదు. రెండు వందల కుర్చీలు నిండి ఉన్నాయి కనుక ఆ చాప ఖాళీ ఎవరికీ కనపడలేదు, నాకూ మొదటి వారం కనపడలేదు. చెప్పులు వేసుకుని ఆవిడ ఇంటి వైపు నడిచాను. కాలవ గట్టు దాటుతుంటే వెనక సైకిలు గంట వినిపించింది. అయ్యగారు.

"ఆవిడ ఇంటికేనా? ఉండు, నేనూ వస్తాను" అన్నారు.

ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు వాచాయి. మమ్మల్ని చూసి, రాలేదని అడగడానికి వచ్చామనుకుందో ఏమో, కొంగు సర్దుకుని తల దించుకుంది. అయ్యగారు సైకిలు చెట్టుకి ఆనించి, అరుగు అంచు మీద కూర్చున్నారు.

"భోంచేశావా అమ్మా?" అన్నారు.